‘న్యతి మరా’ అన్నందుకు ఇంటావిడ పడీపడీ నవ్వింది: లువోలో ‘నా’, ‘మా’ లెక్కేంటి?

కిసుము_కిట్టయ్య
పదకొండు నెలలుగా కెన్యాలో కిసుము దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ల మీద పనిచేస్తున్నా. విక్టోరియా సరస్సు పక్కనే. ఆఫీసులో ఇంగ్లీషు, బజార్లో స్వాహిలి నడుస్తాయి. కానీ ఇక్కడివాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది లువో. సాయంత్రాలు ఖాళీయే కదా అని నేర్చుకోవడం మొదలెట్టా. నేను అద్దెకుంటున్న ఇంటి పెద్దావిడే గురువు.

నిన్న ఫోన్లో మా పాప ఫొటో చూపించి “న్యతి మరా” అన్నా. న్యతి అంటే పిల్ల, మరా అంటే నాది. “కితాబు మరా” అంటే నా పుస్తకం, అంతవరకూ కరెక్టే. ఆవిడ కుర్చీలో వెనక్కి పడి నవ్వి “ఏ దుకాణంలో కొన్నావు?” అంది. “న్యతినా” అనాలట.

సరే అని తల పట్టుకుని “విచ్ మరా” అన్నా. కాదు, “వియ్యా”. ఇల్లు చూపించా. ఇల్లంటే “ఒట్”, నా ఇల్లంటే “ఒడా”. ట కాస్తా డ అయిపోయింది! ఇంకా ఉంది. మా అమ్మ అనడానికి “మిన్వా” అనమంది. ఆ చివరి ‘వా’ అంటే మనందరిది అని. నేను మా అమ్మకి ఒక్కడే కొడుకుని. ‘అందరిది’ ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరికైనా సూత్రం తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి.

సీమ_చిన్నోడు
నువ్వు పైన రాసిందే మళ్లీ సదువు సామీ. “మా అమ్మకి ఒక్కడే కొడుకుని” అన్నావు. ‘నా అమ్మకి’ అనలేదే?

కిసుము_కిట్టయ్య
...

కిసుము_కిట్టయ్య
ముప్పై నాలుగేళ్లుగా ఇది గమనించలేదంటే సిగ్గుగా ఉంది.

లచ్చక్క_వరంగల్
గంతే. మా అవ్వ, మా బాపు, మా ఊరు, మా ఇంటాయన. ఇంటాయన్ని గూడ ‘మా’ అంటం. ఆయన నా ఒక్కదానికే మొగుడు అయినా సరే 😄

నైరోబి_పాతకాపు
ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉన్నా. నా భార్యది లువో కుటుంబం కాదు గానీ నా పార్ట్‌నర్‌ది సియాయా, లువోల ప్రాంతమే. కాబట్టి తెలిసినంత చెప్తా.

లువోలో సొంతం రెండు రకాలు. విడదీయలేనివి ఒక రకం: ఒంట్లో భాగాలు, చుట్టాలు, ఇల్లు. వీటికి చివర ‘ఆ’ తగిలిస్తే నాది, ‘ఇ’ తగిలిస్తే నీది, ‘ఎ’ తగిలిస్తే అతనిది. వాంగ్ అంటే కన్ను, వాంగా నా కన్ను, వాంగి నీ కన్ను, వాంగే అతని కన్ను. కొన్నిటికి ‘నా, ని, నె’ వస్తాయి, నీ న్యతినా అలాంటిదే. కొనుక్కునేవి, పారేసుకునేవి రెండో రకం. వాటికి విడిగా ‘మరా’ పెడతారు. వస్తువులు ఎక్కువైతే ‘మగా’. అందుకే మీ ఇంటావిడ దుకాణం సంగతి ఎత్తింది.

దీనికి ఇక్కడ అందరూ చెప్పే ఉదాహరణ కుక్క బొమిక. “చొగొ గువొక్” అంటే కుక్క కొరుకుతున్న బొమిక, ఏ మేకదో ఆవుదో. “చొక్ గువొక్” అంటే ఆ కుక్క ఒంట్లోని ఎముక. గొ ఒక్కటి క్ అయితే కుక్క బతికుందో లేదో అనుమానం వస్తుంది.

సీమ_చిన్నోడు
కుక్క ఉదాహరణ అదిరింది. మనకు రెండూ ‘కుక్క బొమికే’.

కితాబులరాయుడు
పక్కదారి పడుతున్నా క్షమించండి. “కితాబు మరా” చూసి నవ్వొచ్చింది. అరబ్బీ కితాబ్ అటు స్వాహిలి మీదుగా లువోల దగ్గరకి పుస్తకంగా వెళ్లింది. ఇటు మన పొగడ్త ‘కితాబు’ మాత్రం వేరే అరబ్బీ మాట ఖితాబ్ (బిరుదు), ఉర్దూ మీదుగా వచ్చింది; మన నోట్లో రెండూ ఒకేలా అయిపోయాయి. వాళ్లు కితాబు చదువుతారు, మనం కితాబిస్తాం.

ఔపవిభక్తి_అప్పారావు
ఒట్ → ఒడా చూసి ఆశ్చర్యపోవడం దేనికి? మనకి ఇల్లు → ఇంటి, కన్ను → కంటి, నోరు → నోటి, చేయి → చేతి లేవూ? బళ్లో ఔపవిభక్తికాలు అని బట్టీ పట్టించారు. సొంతం చెప్పేటప్పుడు మాట రూపం మారడం మనకి కొత్తా? లువోకీ మనకీ ఒకటే పద్ధతి.

పిడుగు_పద్మజ
అప్పారావు గారూ, తిరగేసి చూస్తున్నారు. ‘ఇంటి కప్పు’లో మారింది ఇల్లు, అంటే సొంతదారు. కప్పు మారలేదు. లువోలో సొంతదారు కదలదు, సొత్తు మారుతుంది. ‘చొక్ గువొక్’లో కుక్క గువొక్‌గానే ఉంది, ఎముక మారింది. ‘నా ఇల్లు’ అన్నప్పుడు మనం ఇల్లుని ఇంటి అంటామా? అనం. వాళ్లు ఒట్‌ని ఒడ్ చేస్తారు. రెండు చోట్లా మాట మారింది నిజమే. మారింది మాత్రం వేరే వేరే వైపు.

ఔపవిభక్తి_అప్పారావు
ఊఁ. ఒప్పుకుంటున్నా. కానీ పోలిక అందంగా ఉంది, అది మాత్రం ఒప్పుకోండి.

పిడుగు_పద్మజ
అందానికేం, ఉంది. ఇంకో తమాషా చూడండి. పాతకాపు గారు చెప్పిన చొగొ → చొక్‌లో గ పోయి క వచ్చింది. ఒట్ → ఒడ్‌లో ట పోయి డ వచ్చింది. ఒక దిక్కు అంటూ లేదు, ఏది ఉంటే దాని ఎదురుది! బహువచనాల్లోనూ ఇంతే: గొట్ అంటే గుట్ట, గొడే గుట్టలు. కిడి అంటే రాయి, కిటే రాళ్లు. సరళం పరుషమవుతుంది, పరుషం సరళమవుతుంది. గసడదవాదేశం చేసే మన వ్యాకరణం మేష్టర్లకి ఈ భాష దొరికి ఉంటే నెల జీతం తీసుకోకుండా పాఠం చెప్పేవాళ్లు.

లచ్చక్క_వరంగల్
గుట్టను గొట్ అంటరా! పక్కనే ఉన్నట్టుంది.

పిడుగు_పద్మజ
అక్కా, అది కాకతాళీయం. ఇలాంటివి పట్టుకునే వాట్సాప్‌లో ‘తెలుగువారు ఆఫ్రికా నుంచి’ మెసేజీలు పుడతాయి. దయచేసి ఎవరూ ఫార్వర్డ్ చేయకండి.

నైరోబి_పాతకాపు
😂 చేసేస్తారు చూస్తూ ఉండండి.

పలకడంలో మాత్రం మనకి నిజంగా లాభం ఉంది. వాళ్ల అక్షరాల్లో డీ హెచ్ అని రాసేది మన ధ కాదు, పళ్లకి నాలుక తగిలే ద లాంటిది. ఉత్త డీ అంటే డ లాంటిది. టీ హెచ్ త, టీ ట. ఇంగ్లీషువాళ్లు ఈ తేడా పట్టలేక కొట్టుకుంటారు, మనకి పుట్టుకతోనే వచ్చు. భాష పేరు కూడా ‘దొలువో’. దొ(క్) అంటే నోరు. లువోల నోరు, అదే వాళ్ల భాష. ఇల్లు ఒట్ కదా, “దొ ఒట్” అంటే ఇంటి నోరు, గుమ్మం. దాన్నే కలిపి అంటే వంశం, గోత్రం లాంటిది.

ఔపవిభక్తి_అప్పారావు
మనం ‘ఏ గడప వాళ్లు’ అని అడిగినట్టు. ఈ పోలిక మీద పద్మజ గారి తీర్పు?

పిడుగు_పద్మజ
ఇది పాస్.

కిసుము_కిట్టయ్య
అందరికీ థ్యాంక్స్. ‘మరా’ సంగతి అర్థమైంది. ఇప్పుడు నాకు ‘వా’ కావాలి. మిన్వాలో ‘వా’ బహువచనమే కదా? మన ‘మా’ లాగా కావాలనే అలా అంటారా, లేక మాట అలా గడ్డకట్టిందా?

నైరోబి_పాతకాపు
గడ్డకట్టిందనే అనుకో. మిన్వా మా అమ్మ, వువొన్వా మా నాన్న, ఒవాడ్వా మా అన్న లేదా తమ్ముడు, న్యామిన్వా మా అక్క లేదా చెల్లి. అన్నిట్లో ‘వా’ ఉంది. ఇల్లు ఒడా అయినా, ఊరూ గడ్డా అన్నప్పుడు ‘తుర్వా’, మా నేల. భార్యకి మాత్రం ‘వా’ రాదు. చియెగా, నా భార్య. లేదా జావొడా, ‘నా ఇంటి మనిషి’. మొగుడు చ్వోరా, నా మొగుడు. లచ్చక్క గారి ‘మా ఇంటాయన’ ఇక్కడ కుదరదు.

లచ్చక్క_వరంగల్
పోనీయ్. ‘నా ఇంటి మనిషి’ అన్నరు గద, అది నచ్చింది. మేమూ ఇంటిది, ఇంటాయన అనే అంటం.

డల్లాస్_అమ్మ
ఇది చదువుతూ మా వాడి గురించి ఆలోచిస్తున్నా. ఆరేళ్లు. “నా మమ్మీ, నా డాడీ, నా ఇల్లు” అంటాడు. నేను ‘మా మమ్మీ అనాలి నాన్నా’ అంటే “నువ్వు ఇంకెవరికి మమ్మీ?” అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయా. ఒక్కడే కదా.

సీమ_చిన్నోడు
మీ ఆయనకి కూడా అని చెప్పాల్సింది అక్కా.

డల్లాస్_అమ్మ
😂😂 ఆ మాటలో నిజం ఉంది.

మేనరికం_బాధితుడు
‘మా’ సంగతి సరే, ‘మీ’ సంగతి ఎవరూ ఎత్తలేదేం? చిన్నపిల్లాణ్ణి నువ్వు, ఒరే అంటూనే “మీ అమ్మ ఏదిరా” అంటాం. “నీ అమ్మ” అన్నామంటే కొట్లాటే. లువోలో నీ అమ్మని ఏమంటారు?

నైరోబి_పాతకాపు
అబ్బ! ఇది నాకు తట్టలేదు. “మిను” అంటారు. ఏకవచనంలో ‘నీ’కి ప్రత్యయం ‘ఇ’ కదా. నీ కన్ను వాంగి. ఆ లెక్కన అమ్మకి ‘మిని’ రావాలి. రాదు. ‘ఉ’ వస్తుంది, అది ‘మీ’కి వాడే ప్రత్యయం. ఒక్కడితో మాట్లాడుతున్నా మినునే. నాన్న వువొను. చెల్లి న్యామిను.

పది ఆజ్ఞల్లో తల్లిదండ్రుల మాట లువో బైబిల్లో “వువొను గి మిను” అని ఉంటుంది. అక్కడ దేవుడు మాట్లాడేది ఒక్కొక్కడితోనే.

క్రీస్తుదాసు_గుంటూరు
మన బైబిల్లో “నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము”. చిన్నప్పట్నుంచి కంఠతా. ఇప్పుడు ఆలోచిస్తే, ఇంట్లో ఎవరూ ఆ మాట అలా అనరు! మా నాయనమ్మ వాక్యం చెప్పేటప్పుడు కూడా “మీ అమ్మా నాన్నలకి లోబడాలిరా” అనే మార్చేసి చెప్పేది. లువోలు అనువాదంలో ఇంటి మాటే పెట్టుకున్నారన్నమాట.

పిడుగు_పద్మజ
ఈ పోస్టు కోసమైనా ఈ చర్చ ఉండాలి.

మేనరికం_బాధితుడు
అంటే లువోలో ‘మిను’ తిట్టు కాదు, మనకి ‘నీ’ తగిలితే తిట్టు. ఒక్క అక్షరం తేడాతో పళ్లు రాలతాయి.

సీమ_చిన్నోడు
మీ పేరు వెనక కథేంటన్నా?

మేనరికం_బాధితుడు
మేనమామ కూతుర్ని చేసుకున్నా. బాధితుడు సరదాకే, ఆవిడ ఈ ఫోరం చదువుతుంది. లువోలో మేనమామని ఏమంటారో చెప్పండి పాతకాపు గారూ.

నైరోబి_పాతకాపు
మేనమామ ‘నేర్’. నా మేనమామ అంటే ‘నేరా’.

మేనరికం_బాధితుడు
నేరమా!!

నైరోబి_పాతకాపు
నేరమే. మా పార్ట్‌నర్‌తో మన మేనరికాల సంగతి చెప్తే టీ కప్పు కింద పెట్టేశాడు. వాళ్లకి సొంత వంశంలోనూ కుదరదు, తల్లి పుట్టింటి వైపూ కుదరదు. మేనమామకి మేనల్లుడు ‘ఒకెవో’, మేనత్త ‘వాయా’. ఈ చుట్టరికాలన్నీ వాళ్లకి ఎంతో దగ్గరివి, పెళ్లి మాట మాత్రం ఎత్తరు. మనకి మేనమామ అంటే పిల్లనిచ్చే వాడు, అక్కడ మేనమామ ఉత్త మామే.

లచ్చక్క_వరంగల్
మరి చిన్నాయన, పెద్దనాయన ఉన్నరా?

కిసుము_కిట్టయ్య
ఇది నేను చెప్తా, గత వారమే నేర్చుకున్నా! “బాబా మటిన్”, చిన్న నాన్న. అమ్మ చెల్లెలు “మామా మటిన్”, చిన్నమ్మ. మాటకి మాట మన లెక్కే. ఇంగ్లీషులో ఇద్దరూ అంకులూ ఆంటీయే. తమాషా ఏంటంటే ఇక్కడ బాబా అంటే నాన్న, నాకేమో వినగానే బాబాయి అనిపిస్తుంది.

నైరోబి_పాతకాపు
మామా మటిన్ ఒక్క పిన్నే కాదు. నాన్నకి ఇంకో భార్య ఉంటే ఆవిడ కూడా.

అందుకే ‘మా అమ్మ’ అనడం ఉమ్మడి కుటుంబం మనసు వల్లే అని ఎవరైనా అంటే నేను తల ఊపను. న్యామిన్వాని విడగొట్టి చూడండి: న్యా(ర్) కూతురు, మిన్ తల్లి, వా మాది. ‘మా తల్లి కూతురు’. నాన్న కూతురు అని ఎందుకు అనలేదు? పాత లువో ఇంట్లో, అంటే ‘డాలా’లో, పెద్ద భార్య మికాయి ఇల్లు ఎదురుగా, రెండో భార్య న్యాచిరాది ఒక పక్క, మూడో ఆవిడ రేరుది ఇంకో పక్క. నాన్న అందరికీ ఒక్కడే, అమ్మ మాత్రం ఎవరి గుడిసెకి వాళ్లదే. ‘మా అమ్మ’ అంటే ఆ పక్క గుడిసెలో వాళ్ల అమ్మ కాదు, మా గుడిసె అమ్మ అని. కలుపుకోవడం సగం, గీత గీయడం సగం. నా సవతి ‘నియెకా’. అసూయకి మాట ‘నియెగో’. ఆ రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే.

డల్లాస్_అమ్మ
సవతి, అసూయ ఒకే మాటా. మన సవతి పోరు కథలన్నీ ఒక్క పదంలో చెప్పేశారు.

పిడుగు_పద్మజ
పాతకాపు గారు అన్నది నాకు నచ్చింది. మన ‘మా’లో కూడా ఆ గీత ఉంది కదా. ‘మా అమ్మ’ అంటే వింటున్న నీ అమ్మ కాదు అనే అర్థం. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకునేటప్పుడు ‘మన అమ్మ’, లేదా ఉత్త ‘అమ్మ’. మా, మన తేడా లువోలో ఉందా?

నైరోబి_పాతకాపు
లేదు. రెండిటికీ ‘వా’నే. ఎవరిని కలుపుకున్నారో సందర్భమే చెప్పాలి.

పిడుగు_పద్మజ
అయితే గీత సిద్ధాంతం లువోకి గుడిసెల వల్ల, మనకి వ్యాకరణం వల్ల. సరే, ఆలోచిస్తా.

కిసుము_కిట్టయ్య
ఇంకో అనుమానం. ఇంటావిడ నాకు ‘ఒట్’ వేరు ‘డాలా’ వేరు అని గట్టిగా చెప్పింది. నేను హైదరాబాదులో ఫ్లాట్ ఫొటో చూపించి డాలా అంటే ఒప్పుకోలేదు.

నైరోబి_పాతకాపు
ఆ తేడా మీద కెన్యాలో పెద్ద కేసే నడిచింది. ఎస్.ఎం. ఒటియెనో అని నైరోబీలో పేరుమోసిన క్రిమినల్ లాయరు. 1986 డిసెంబరులో పోయాడు. భార్య వాంబుయి లువో కాదు, కికుయు తెగ. ఆయన్ని నైరోబీ దగ్గర మాకున్న స్థలంలోనే పాతిపెడతాం అందామె. కాదు, మా ఊరు సియాయాలోని న్యాల్‌గుంగా తీసుకెళ్తాం అన్నారు ఆయన తమ్ముడూ, ఉమిరా కాగెర్ వంశం వాళ్లూ. ఐదు నెలలు శవం మార్చురీలో ఉంది. కోర్టు బయట జనం కిక్కిరిసిపోయేవాళ్లట. వంశం వైపు వాదన ఇదే: లువో మగాడికి నైరోబీలో ఉన్నది ఇల్లే గానీ డాలా కాదు, డాలా తండ్రి నేల మీదే కట్టాలి. 1987 మేలో అప్పీలు కోర్టు వంశం వైపే తీర్పిచ్చింది, న్యాల్‌గుంగాలోనే పూడ్చారు.

‘నా మొగుడు’ అని ఆమె, ‘మా మనిషి’ అని వాళ్లు. చ్వోరాలో ‘ఆ’ ఉంది, ఒవాడ్వాలో ‘వా’ ఉంది. మా పార్ట్‌నర్ ఈ కేసు గురించి ఇప్పటికీ తాగినప్పుడు వాదిస్తాడు, తాగనప్పుడు నోరెత్తడు.

డల్లాస్_అమ్మ
ఆమె పరిస్థితి తలుచుకుంటే కష్టంగా ఉంది. ఏ కోర్టైనా ముందు భార్యని అడగాలి కదా.

క్రీస్తుదాసు_గుంటూరు
మన దగ్గర మాత్రం ఏం తక్కువ? దుబాయిలో పోయినా, అమెరికాలో పోయినా సొంతూరికి తేవాల్సిందే అంటాం. అడిగేది ఎవరిని?

మేనరికం_బాధితుడు
మూడ్ మారుస్తున్నా. అత్తగార్ని ఏమంటారు?

నైరోబి_పాతకాపు
మారో. నా అత్తగారు ‘మారా’.

మేనరికం_బాధితుడు
మరా అంటే నాది కదా?

నైరోబి_పాతకాపు
వాళ్ల రాతలో రెండూ ఒకేలా ఉంటాయి, పలకడంలో చూసుకోవాలి. అత్తగారి దగ్గర మాత్రం మహా మర్యాద. అల్లుడింట్లో అత్తగారు రాత్రి నిద్రచేయదు. కూతురి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టని మన పాతకాలం తల్లిదండ్రుల్లాగే.

మేనరికం_బాధితుడు
మా అత్త ఎనిమిది నెలలుగా మా ఇంట్లోనే ఉంది. దయచేసి ఈ ఆచారం వివరాలు విడిగా పంపగలరు. (మా ఆవిడా, ఇది జోకు.)

ఔపవిభక్తి_అప్పారావు
మేనరికం అయితే అత్తగారు పెళ్లికి ముందూ అత్తే కదా. ఆవిణ్ణి పంపించేదెక్కడికి?

సీమ_చిన్నోడు
ఒబామా కూడా వీళ్లేనా?

నైరోబి_పాతకాపు
వాళ్ల నాన్న లువో, సియాయా కౌంటీలో కొగెలో. 2019 లెక్కల్లో కెన్యాలో లువోలు 50 లక్షల పైచిలుకు, టాంజానియాలోనూ ఉన్నారు. కొగెలో పిల్ల అనాలంటే ‘న్యార్ కొగెలో’. పెళ్లయి ఎక్కడికెళ్లినా పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు. పిల్లలు పుట్టాక ‘మిన్ ఒటియెనో’, ఒటియెనో వాళ్లమ్మ. పిల్లాడి పేరులో కూడా లెక్కుంది, ఒటియెనో రాత్రి పుట్టినవాడు.

లచ్చక్క_వరంగల్
నన్నూ ఊళ్లె శీనుగాని అవ్వ అనే పిలుస్తరు. మా వీధిల సగంమందికి నా అసలు పేరు తెల్వది.

కిసుము_కిట్టయ్య
రెండ్రోజుల తర్వాత వచ్చా. ఇంటావిడకి ఈ ‘మీ అమ్మ, మిను’ సంగతి చెప్పా. ఆవిడకి పెద్ద ఆశ్చర్యమేం కలగలేదు, “మరి ఇంకెలా అంటారు” అంది. నైరోబీ పిల్లలు అన్నిటికీ మరా మరా అని పెట్టేస్తారని తిట్టుకుంది.

పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్‌ని “మిను నడే?” అని అడిగా, మీ అమ్మ ఎలా ఉంది అని. పదకొండు నెలల్లో ఆయన నాతో మాట్లాడింది గేటు తీసేటప్పుడు రెండు ముక్కలు. ఇవాళ ఇరవై నిమిషాలు చెప్పాడు. నాకు అర్థమైంది ‘బెర్’ (బాగు) అని ఒకటి, ‘తలనొప్పి’ అని ఒకటి. “వియే బారె” అంటే ఆమె తల పగులుతోందట.

సీమ_చిన్నోడు
మనమూ తల పగిలిపోతోంది అనే అంటాం కదా. పద్మజ గారూ, పాసా ఫెయిలా?

పిడుగు_పద్మజ
తలనొప్పికి ప్రపంచమంతా అదే అంటుంది. ఫెయిల్. కిట్టయ్య గారూ, ముందు ఆ వాచ్‌మన్ వాళ్లమ్మకి మాత్ర పట్టికెళ్లండి.

కిసుము_కిట్టయ్య
పట్టికెళ్లా. సాయంత్రం నన్ను “ఒమెరా” అన్నాడు. ‘నా తమ్ముడా’ అని. ఇందులో ‘వా’ లేదు, ఉత్త ‘ఆ’నే. ఎందుకో అడగబోయి ఊరుకున్నా.